డేటాకు కాపలా ఉంది... మరి కాన్ఫిగరేషన్ ఫైలుకు?

బ్యాంకు ఖాతాలు, ఆసుపత్రి రికార్డులు, పరీక్షల ఫలితాలు, రైలు రిజర్వేషన్లు, భూమి హక్కు పత్రాలు... ఇవాళ ఇవన్నీ ఏదో ఒక డేటాబేస్ సర్వర్‌లోనే ఉంటున్నాయి. వాటి భద్రత గురించి చర్చ వచ్చినప్పుడల్లా రెండు విషయాలే ప్రస్తావనకు వస్తాయి. ఒకటి డేటా. దానికి రోజూ బ్యాకప్ తీస్తారు, పాస్‌వర్డులు పెడతారు, ఎన్‌క్రిప్షన్ వాడతారు. రెండోది సాఫ్ట్‌వేర్. దాన్ని పరీక్షిస్తారు, లోపాలు దిద్దిన కొత్త వెర్షన్ వస్తే మారుస్తారు. ఈ రెండింటి మధ్య మూడోది ఒకటి ఉంది. అది కొన్ని కిలోబైట్ల సాదా టెక్స్ట్ ఫైలు. సర్వర్ ఎంత మెమరీ వాడుకోవాలి, ఒకేసారి ఎంతమందిని లోపలికి రానివ్వాలి, ఏ కంప్యూటర్ నుంచి వచ్చినవారిని పాస్‌వర్డ్ అడగాలి, ఎవరినసలు రానివ్వకూడదు, జరిగినవాటి లాగ్‌ను ఎన్నాళ్లు ఉంచాలి అన్నవన్నీ అందులోనే రాసి ఉంటాయి. అదే కాన్ఫిగరేషన్ ఫైలు. సర్వర్ ఎలా నడవాలో చెప్పే అమరికల చిట్టా అన్నమాట.

ఈ ఫైలుకు చరిత్ర లేని, బ్యాకప్ లేని, యజమాని అంటూ ఎవరూ లేని కార్యాలయాలు తక్కువేమీ కాదు. ఎవరో ఒక రాత్రి ఒక అంకె మార్చి ఉంటారు. ఎందుకు మార్చారో వారికే తెలుసు. వారు ఉద్యోగం మారాక అదీ ఎవరికీ తెలియదు. తర్వాత వచ్చినవారికి పాతవారు చెప్పి వెళ్లేది ఒకటే మాట: ‘నడుస్తోంది, ముట్టుకోకండి’. డేటాబేస్ నిర్వహణలో ఇంతకంటే ప్రమాదకరమైన సలహా మరొకటి లేదు. నడుస్తున్న సర్వర్, డిస్కు మీద ఉన్న ఫైలు ఒకే మాట చెబుతున్నాయన్న నమ్మకం ఆ సలహాలో దాగి ఉంది. ఆ నమ్మకం తరచూ తప్పవుతుంది.

ఇది కొత్తగా బయటపడిన సంగతి కాదు. డేటాబేస్ లావాదేవీల సిద్ధాంతానికి పునాదులు వేసి, 1998లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న జిమ్ గ్రే 1985లో ఒక నివేదిక రాశారు. అప్పట్లో ఆయన టాండెమ్ కంప్యూటర్స్‌లో పనిచేసేవారు. ఎట్టి పరిస్థితుల్లోనూ ఆగకూడదన్న ఉద్దేశంతో తయారుచేసిన యంత్రాలు కూడా ఎందుకు ఆగిపోతున్నాయన్నదే ఆయన ప్రశ్న. హార్డ్‌వేర్ చెడిపోవడమే ప్రధాన కారణమై ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. లెక్క మరోలా తేలింది. ఆపరేటర్ల చర్యలు, కాన్ఫిగరేషన్, నిర్వహణ కలిపితే 42 శాతం వైఫల్యాలకు అవే మూలం. యంత్రం కంటే యంత్రాన్ని అమర్చే తీరే ఎక్కువసార్లు దెబ్బతీసింది.

పాతికేళ్ల తర్వాత, 2011లో, కొందరు పరిశోధకులు 546 నిజమైన కాన్ఫిగరేషన్ సమస్యలను తీసుకుని విశ్లేషించారు. వాటిలో మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌కు సంబంధించినవీ ఉన్నాయి. అత్యధిక శాతం సమస్యలకు కారణం ఏదో ఒక పారామీటర్‌కు తప్పు విలువ ఇవ్వడమే. ఆ తప్పుల్లోనూ మూడో వంతుకు పైగా ఫార్మాట్‌నో, నియమాన్నో ఉల్లంఘించినవి. అంటే ఎంతో ఆలోచించి తీసుకున్న నిర్ణయం బెడిసికొట్టిన సందర్భాలు కావవి. రాసిన విలువను ముందే ఒకసారి యంత్రంతో సరిచూపించి ఉంటే దొరికిపోయేవే చాలా ఉన్నాయి.

ఇలాంటి తప్పు ఎంతకాలం నిద్రపోగలదో చెప్పే ఉదాహరణ 2017 జనవరి 31 నాటిది. ప్రోగ్రామర్లు తమ కోడ్‌ను దాచుకునే గిట్‌ల్యాబ్ వేదికలో ఆ రాత్రి ప్రధాన డేటాబేస్ నుంచి రెండో సర్వర్‌కు నకలు వెళ్లడం ఆగిపోయింది. నకలును మళ్లీ మొదటినుంచి తయారుచేయాలని ఇంజనీర్లు ప్రయత్నించారు. అందుకోసం ప్రధాన సర్వర్ కాన్ఫిగరేషన్‌లో, నకళ్లు పంపే ప్రక్రియల పరిమితిని 3 నుంచి 32కు పెంచి, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌ను రీస్టార్ట్ చేశారు. అది లేవలేదు. సెమాఫోర్లు మరీ ఎక్కువయ్యాయని మొరాయించింది. సెమాఫోర్లంటే, ప్రక్రియలు ఒకదానికొకటి అడ్డుపడకుండా ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే టోకెన్ల లాంటివి. కారణం వెతికితే గరిష్ఠ కనెక్షన్ల సంఖ్య దగ్గర 8000 అని ఉంది. దాన్ని 2000కు తగ్గించాకే సర్వర్ లేచింది. విచిత్రమేమిటంటే ఆ 8000 దాదాపు ఏడాదిగా ఆ ఫైలులోనే ఉంది, పనిచేస్తూనే ఉంది.

ఆ తర్వాత జరిగినది ఇంకా పెద్ద కథ. నకలు ఎంతకీ మొదలుకాకపోవడంతో, రెండో సర్వర్‌లోని డేటా డైరెక్టరీని తొలగిస్తున్నాననుకుని ఒక ఇంజనీర్ ప్రధాన సర్వర్‌లోనిదే తొలగించాడు. ఆపేలోపే సుమారు 300 గిగాబైట్లలో 4.5 గిగాబైట్లు మాత్రమే మిగిలాయి. బ్యాకప్ తీసుకుందామని చూస్తే అక్కడ ఏమీ లేదు. బ్యాకప్ తీసే స్క్రిప్టు పోస్ట్‌గ్రెస్ 9.6 సర్వర్ మీద 9.2 వెర్షన్ పనిముట్టును నడుపుతూ రోజూ విఫలమవుతోంది. విఫలమైందని చెప్పే ఈమెయిళ్లను మెయిల్ సర్వర్ తిరస్కరిస్తోంది. ఏ పనిముట్టు వాడాలి, హెచ్చరిక ఎక్కడికి పంపాలి అన్నవి కూడా కాన్ఫిగరేషన్ సంగతులే. అదృష్టవశాత్తూ సుమారు ఆరు గంటల క్రితం తీసిన ఒక స్నాప్‌షాట్ ఉండబట్టి మిగతా డేటా దక్కింది. ఆ సంస్థ జరిగినదంతా దాచకుండా ప్రచురించింది కాబట్టే ఇవాళ ఈ వివరాలు తెలుస్తున్నాయి. వార్తల్లో నిలిచింది డైరెక్టరీ తొలగింపే. కానీ ఆ రాత్రి ఇంజనీర్ల సమయాన్ని తిన్నవాటిలో ఏడాదిగా ఎవరూ ప్రశ్నించని ఆ 8000 కూడా ఒకటి.

నివురుగప్పిన నిప్పులాంటి ఇలాంటి తప్పులను పరిశోధకులు సుప్త కాన్ఫిగరేషన్ దోషాలు అంటారు. వీటికి డేటాబేస్ సర్వర్లలో అనువైన చోటు ఎందుకు దొరుకుతుందో తెలుసుకోవాలంటే ఒక చిన్న యంత్రాంగం అర్థం కావాలి.

పోస్ట్‌గ్రెస్‌లో ఫైలు మార్చాక ఆ మార్పును అమలులోకి తేవడానికి రెండు దారులు. మొదటిది రీలోడ్: సర్వర్ ఆగకుండానే ఫైలును మళ్లీ చదువుతుంది. రెండోది రీస్టార్ట్: ఆగి మళ్లీ లేస్తుంది. కొన్ని అమరికలకు రీలోడ్ చాలు, మెమరీ పరిమాణం, కనెక్షన్ల సంఖ్య లాంటివాటికి రీస్టార్ట్ తప్పదు. ఇంతవరకు సరే. ఫైలులో తప్పు ఉంటే ఏమవుతుంది? రీలోడ్ సమయంలో సర్వర్ ఆ తప్పును గుర్తించి, లాగ్‌లో ఒక మాట రాసి, పాత విలువతోనే ప్రశాంతంగా నడుస్తుంది. అప్పుడు వందలమంది వాడుకుంటూ ఉంటారు కాబట్టి అది మంచి నిర్ణయమే. అదే ఫైలుతో రీస్టార్ట్ చేస్తే మాత్రం సర్వర్ అసలు లేవదు. పైగా రీలోడ్ ఆజ్ఞ ఇచ్చినవారికి ‘సరే’ అనే జవాబే వస్తుంది. ఆ ‘సరే’కు అర్థం, ఫైలును మళ్లీ చదవమన్న సంకేతం పంపామని మాత్రమే. ఫైలులో ఉన్నది సరైనదని కాదు. ఇల్లు అలకగానే పండగ కాదన్నట్టు, రీలోడ్ అయినంత మాత్రాన మార్పు అమలైనట్టు కాదు.

దీని పర్యవసానం ఊహించడం కష్టం కాదు. మార్చి నెలలో ఎవరో ఒక పంక్తి తప్పుగా రాసి, రీలోడ్ చేసి, ఏమీ ఆగలేదు కదా అని ఇంటికి వెళ్తారు. జూన్‌లో గాలివాన, కరెంటు పోతుంది, యూపీఎస్ చేతులెత్తేస్తుంది. తిరిగి కరెంటు వచ్చాక అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న వ్యక్తి సర్వర్‌ను లేపబోతే అది లేవదు. మార్చిలో జరిగిన మార్పు గురించి అతనికి ఏమీ తెలియదు. అతను కరెంటునో, డిస్కునో అనుమానిస్తాడు. మూడు నెలల క్రితం ఒక కామా తప్పిందని అనుమానించడు.

దీనికి తిరగబడ్డ రూపమూ ఉంది. మైఎస్‌క్యూఎల్‌లో నడుస్తున్న సర్వర్‌కే నేరుగా ‘సెట్ గ్లోబల్’ అనే ఆజ్ఞతో ఒక విలువ మార్చవచ్చు. రద్దీ వేళ అది ప్రాణం నిలబెట్టే సౌకర్యం. కానీ ఆ విలువ ఫైలులో ఉండదు. రీస్టార్ట్ కాగానే పోతుంది, తీరిందనుకున్న సమస్య తిరిగి వస్తుంది. ఈ లోటు తీర్చడానికి మైఎస్‌క్యూఎల్ 8.0లో ‘సెట్ పర్సిస్ట్’ వచ్చింది. పోస్ట్‌గ్రెస్‌లో 9.4 వెర్షన్ నుంచే ‘ఆల్టర్ సిస్టమ్’ ఉంది. రెండూ మార్పును తామే తయారుచేసుకున్న వేరే ఫైలులో రాస్తాయి, ఆ ఫైలు మాటే ప్రధాన ఫైలు మాట కంటే చెల్లుతుంది. దాంతో కొత్త తలనొప్పి. ప్రధాన ఫైలును ఎంత జాగ్రత్తగా మార్చినా సర్వర్‌లో చలనం ఉండదు. మార్చినవారు గంటసేపు తల పట్టుకున్నాక, ఎవరో ఎప్పుడో రెండో ఫైలులోకి ఎక్కించిన విలువ బయటపడుతుంది.

ఫైలును చదివే నియమాలు కూడా పైకి కనిపించినంత సరళం కాదు. పోస్ట్‌గ్రెస్ ప్రధాన ఫైలులో ఒకే అమరిక రెండుచోట్ల ఉంటే చివరిదే చెల్లుతుంది. పక్కనే ఉండే మరో ఫైలు, అంటే ఎవరిని ఏ పద్ధతిలో లోపలికి రానివ్వాలో చెప్పే పీజీ హెచ్‌బీఏ ఫైలులో దీనికి పూర్తిగా వ్యతిరేకం: పైనుంచి చదువుకుంటూ వస్తూ సరిపోలిన మొదటి పంక్తి దగ్గరే ఆగిపోతుంది. కింద ఎంత కఠినమైన నియమం రాసినా, పైన ‘ట్రస్ట్’ అని, అంటే పాస్‌వర్డ్ అడగకుండానే నమ్మమని, ఒక పంక్తి మిగిలిపోతే కిందిది అలంకారమే. ఒక ఫైలులో కొత్త మార్పును చివర చేర్చడం పనిచేస్తుంది. ఆ అలవాటుతోనే రెండో ఫైలులో చివర చేర్చితే, తలుపు వేశామనుకుంటారు, తలుపు తెరిచే ఉంటుంది.

కొలమానాల సంగతి చూస్తే ఇంకా ఆశ్చర్యం. పోస్ట్‌గ్రెస్‌లో ఉమ్మడి మెమరీకి మామూలుగా ఉండే విలువ 128 మెగాబైట్లు. ఎవరైనా యూనిట్ మర్చిపోయి ఉత్త 128 అని రాస్తే సర్వర్ దాన్ని 8 కిలోబైట్ల బ్లాకుల లెక్కలో చదువుతుంది, అంటే మొత్తం ఒక్క మెగాబైటు. యూనిట్‌లోని ఇంగ్లిష్ అక్షరాలు చిన్నవా పెద్దవా అన్నదీ పట్టింపే: మెగాబైట్లకు రెండూ పెద్ద అక్షరాలు, కిలోబైట్లకు మాత్రం మొదటిది చిన్నది. ఇక ప్రతి సార్టింగ్ పనికీ కేటాయించే మెమరీ మరో రకం ఉచ్చు. మామూలుగా అది 4 మెగాబైట్లు. ‘పెంచితే వేగం వస్తుంది’ అన్న సలహా ఎక్కడో చదివి దాన్ని 256 మెగాబైట్లు చేశారనుకుందాం. ఆ కేటాయింపు సర్వర్ మొత్తానికి కాదు, ఒక్కో కనెక్షన్‌లో జరిగే ఒక్కో పనికి. వంద కనెక్షన్లు ఒకేసారి ఒక్కో సార్టింగ్ చేసినా 25 గిగాబైట్లు కావాలి. ఉదయం పదిమంది వాడుతున్నప్పుడు అంతా బాగుంటుంది. ఫలితాలు విడుదలైన క్షణాన మెమరీ అయిపోయి ఆపరేటింగ్ సిస్టమ్ డేటాబేస్ ప్రక్రియలనే చంపేస్తుంది. ఇంకొకరి సర్వర్‌కు సరిపోయిన అంకెలను తెచ్చి అతికించడం, ఇంకొకరి మందుల చీటీతో మందులు కొనుక్కోవడం లాంటిదే.

వినియోగదారులను తిట్టడం ఇక్కడ సులభం. 2013లో వెలువడిన ఒక పరిశోధన పత్రం శీర్షికే, కాన్ఫిగరేషన్ తప్పులకు వినియోగదారులను నిందించొద్దన్న అర్థంలో ఉంది. ఆ వాదనలో న్యాయముంది. తప్పు విలువను చూసి మౌనంగా పాత విలువతో నడిచే సాఫ్ట్‌వేర్, ఏ పంక్తిలో తప్పుందో చెప్పని సందేశం, యూనిట్ లేకపోయినా అంగీకరించే ఫార్మాట్... వీటి బాధ్యత తయారుచేసినవారిదే. తయారీదారులూ కొంత మారారు. పోస్ట్‌గ్రెస్‌లో ఇప్పుడు రీలోడ్ చేయకముందే ఫైలులో ఏ పంక్తి తప్పో చూపించే పట్టికలు ఉన్నాయి. మార్చిన అమరికల్లో వేటికి రీస్టార్ట్ బాకీ ఉందో చెప్పేదీ ఉంది. మైఎస్‌క్యూఎల్ 8.0.16 నుంచి, సర్వర్‌ను లేపకుండానే ఫైలును సరిచూసే సదుపాయం వచ్చింది. ఇన్ని ఉండి కూడా వాడకపోతే మాత్రం తప్పు తయారీదారు మీదకు నెట్టడం కుదరదు.

ఇంతవరకు చెప్పినవి పొరపాట్లు. కావాలని దెబ్బతీసేవారికీ ఈ ఫైలు అంటే ఇష్టమే. 2016 సెప్టెంబరులో మైఎస్‌క్యూఎల్, మరియాడీబీ, పెర్కోనా సర్వర్లలో ఒక లోపం బయటపడింది. దాని సంఖ్య సీవీఈ-2016-6662. డేటాబేస్‌లోకి పరిమిత ప్రవేశం సంపాదించిన వ్యక్తి, లాగ్ రాసే సదుపాయాన్నే వాడుకుని కాన్ఫిగరేషన్ ఫైలులోకి తనకు కావలసిన పంక్తులు ఎక్కించగలడు. సర్వర్ తర్వాతిసారి రీస్టార్ట్ అయినప్పుడు, సర్వాధికారాలున్న రూట్ యూజర్ పేరుతో నడిచే ప్రారంభ స్క్రిప్టు ఆ పంక్తులను చదివి, దాడి చేసినవారి ప్రోగ్రామ్‌ను లోపలికి తెస్తుంది. ఇలాంటి దాడిని కష్టతరం చేసే జాగ్రత్త చాలా పాతదే. కాన్ఫిగరేషన్ ఫైలు యాజమాన్యం డేటాబేస్ నడిచే ఖాతాకు కాక రూట్‌కు ఉండాలి. డేటాబేస్ దాన్ని చదవగలగాలి, రాయలేకూడదు.

అనుమతుల విషయంలో ఒక చెడ్డ అలవాటు చాలాచోట్ల ఉంది. ఏదైనా పనిచేయకపోతే ఫైలుకు ‘777’ ఇచ్చేయడం, అంటే అందరూ చదవవచ్చు, అందరూ రాయవచ్చు అనేయడం. మైఎస్‌క్యూఎల్ దీనికి తనదైన శైలిలో జవాబిస్తుంది. ఎవరైనా రాయగల కాన్ఫిగరేషన్ ఫైలు కనిపిస్తే దాన్ని నమ్మకుండా, ఒక హెచ్చరిక రాసి, ఆ ఫైలును పూర్తిగా వదిలేసి మామూలు విలువలతో లేస్తుంది. ఫైలు కళ్లెదుటే ఉంటుంది, అందులో విలువలన్నీ సరిగానే ఉంటాయి, సర్వర్ మాత్రం ఒక్కటీ పాటించదు. పోస్ట్‌గ్రెస్‌లో పాస్‌వర్డ్ దాచుకునే ఫైలుదీ ఇదే పద్ధతి. యజమానికి తప్ప మరెవరికైనా చదివే అనుమతి ఉంటే దాన్ని పట్టించుకోదు.

ఒక్క పంక్తి తేడా ఎంత నష్టం చేయగలదో 2017 జనవరిలో ప్రపంచమంతా చూసింది. ఇంటర్నెట్‌కు నేరుగా తెరుచుకుని, పాస్‌వర్డ్ అడగని మాంగోడీబీ డేటాబేస్‌లు వేల సంఖ్యలో దుండగుల చేతికి చిక్కాయి. డేటా తుడిచేసి, బిట్‌కాయిన్ చెల్లిస్తే తిరిగిస్తామని చీటీ వదిలి వెళ్లారు. అందులో ప్రత్యేకమైన హ్యాకింగ్ విద్య ఏమీ లేదు. సర్వర్ ఏ చిరునామాల మీద వినాలి, లోపలికి వచ్చేవారిని గుర్తింపు అడగాలా అన్న రెండు అమరికలే. ఆ ఏడాదే వచ్చిన 3.6 వెర్షన్ నుంచి మాంగోడీబీ తనంతట తాను సొంత కంప్యూటర్ నుంచి వచ్చే కనెక్షన్లనే వింటుంది. బయటకు తెరవాలంటే ఎవరో ఒకరు కావాలని రాయాలి. మామూలు విలువ సురక్షితంగా ఉండాలన్న సూత్రం అక్కడ ఆలస్యంగానైనా గెలిచింది.

మన దేశంలో ఈ ఫైలుకు చట్టపరమైన బరువు కూడా వచ్చి చేరింది. సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీ చేసిన ఆదేశాల ప్రకారం, నిర్దేశిత సైబర్ ఘటనలను గుర్తించిన 6 గంటల్లోగా తెలియజేయాలి, లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి, కంప్యూటర్ల గడియారాలను నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ లేదా నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ సమయ సర్వర్లతో, లేదా వాటిని అనుసరించే సర్వర్లతో సరిపోల్చాలి. ఇప్పుడు రెడ్‌హ్యాట్ కుటుంబపు లినక్స్‌లలో పోస్ట్‌గ్రెస్ ప్యాకేజీతో వచ్చే మామూలు అమరికను చూడాలి. అది లాగ్ ఫైలుకు వారం పేరు పెడుతుంది: సోమవారం ఒకటి, మంగళవారం ఒకటి. మళ్లీ సోమవారం రాగానే పాత సోమవారం ఫైలును తుడిచి రాస్తుంది. అంటే ఎవరూ ఏ తప్పూ చేయకపోయినా, లాగ్‌లను మరోచోటికి పంపే ఏర్పాటు లేకపోతే, ఆ సర్వర్ దగ్గర ఉండేది ఏడు రోజుల చరిత్రే. 180 రోజులు కావాలని ఆదేశం చెబుతుంటే 7 రోజులకే తుడిచేయమని ఫైలు చెబుతోంది. సర్వర్ వినేది ఫైలు మాటనే.

వ్యక్తిగత డేటా రక్షణకు తగిన భద్రతా చర్యలు తీసుకోని సంస్థలకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించే వీలును 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కల్పించింది. ‘తగిన చర్యలు’ అంటే ఏమిటన్న వాదన వచ్చినప్పుడు, ఫలానా తేదీన ఈ సర్వర్ ఎవరిని లోపలికి రానిచ్చేది అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఫైలుకు చరిత్ర లేని సంస్థ దగ్గర దానికి జవాబు ఉండదు.

ఆ చరిత్ర ఉంచడం ఖరీదైన పని కాదు. లినస్ టోర్వాల్డ్స్ 2005లో మొదలుపెట్టిన గిట్ ఉచితం. కాన్ఫిగరేషన్ ఫైలును అందులో పెడితే ఎవరు, ఎప్పుడు, ఏ పంక్తి, ఎందుకు మార్చారో నిలిచి ఉంటుంది. ‘ఎందుకు’ అన్నదే అన్నిటికంటే విలువైనది. 8000 అన్న అంకె పక్కన ‘ఫలానా రోజు ఫలానా సమస్యకు తాత్కాలికంగా’ అన్న ఒక్క వాక్యం ఉంటే, తర్వాత వచ్చినవారికి దాన్ని ప్రశ్నించే ధైర్యం వస్తుంది. దీనికి బదులు చాలామంది పాత ఫైలు పేరు చివర ‘ఓల్డ్’ అనో, తేదీ అనో చేర్చి పక్కనే ఉంచేస్తారు. అది చరిత్ర కాదు, చెత్త. పైగా ప్రమాదకరమైన చెత్త. మైఎస్‌క్యూఎల్ ఒక డైరెక్టరీలో సీఎన్‌ఎఫ్ అనే తోకతో ఉన్న ఫైళ్లన్నీ చదివేలా అమర్చి ఉంటే, అదే తోకతో అక్కడ వదిలేసిన పాత నకలును కూడా చదివేస్తుంది. ఏది ముందు, ఏది వెనక చదువుతుందన్న హామీ కూడా లేదు.

గిట్‌లో పెట్టేముందు ఫైలులో పాస్‌వర్డులు లేకుండా చూసుకోవాలి. బహిరంగ గిట్‌హబ్ నిల్వలను పరిశీలించిన నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులకు లక్షకు పైగా నిల్వల్లో రహస్య తాళాలు కనిపించాయని 2019లో వెల్లడించారు. తర్వాత తీసేసినా లాభం లేదు, గిట్ పాత రూపాలను మర్చిపోదు. అందుకోసమే కదా దాన్ని వాడేది! ఒకసారి లోపలికి వెళ్లిన పాస్‌వర్డ్‌ను మార్చేయడమే దారి.

బ్యాకప్ గురించి ఒక అపోహ కూడా తొలగాలి. పోస్ట్‌గ్రెస్‌లో అందరూ వాడే డంప్ పనిముట్టు డేటాను తీస్తుంది, కాన్ఫిగరేషన్ ఫైళ్లను తీయదు. డేటా డైరెక్టరీ మొత్తాన్ని నకలు తీసే పనిముట్టు వాడినా, డెబియన్, ఉబుంటు లాంటి వ్యవస్థల్లో ఈ ఫైళ్లు ఆ డైరెక్టరీలో ఉండవు, వేరేచోట ఉంటాయి. కాబట్టి ‘మా దగ్గర రోజూ బ్యాకప్ ఉంది’ అనే సంస్థ కొత్త యంత్రం మీద డేటాను నిలబెట్టగలదు. కానీ అది 128 మెగాబైట్ల మెమరీతో, వంద కనెక్షన్ల పరిమితితో, ఎవరినీ గుర్తుపట్టని ప్రవేశ నియమాలతో లేస్తుంది. డేటా భద్రంగా ఉంటుంది, సేవ మాత్రం ఉండదు.

క్లౌడ్‌కు మారితే ఈ గొడవే ఉండదన్న వాదన వినిపిస్తుంది. కొంత నిజమే. ఫైలు అనుమతులు, డైరెక్టరీల బాధ తప్పుతుంది. అయితే ఫైలు స్థానంలో పారామీటర్ల పట్టిక వస్తుంది, విలువలు ఎంచుకోవాల్సింది మాత్రం అప్పటికీ వాడేవారే. ప్రపంచానికంతటికీ తలుపు తెరిచే అమరిక ఇప్పుడు టెక్స్ట్ ఫైలులో కాకుండా వెబ్ పేజీలో ఒక చిన్న గడి అవుతుంది. గడిలో టిక్కు పెట్టడం పంక్తి రాయడం కంటే ఇంకా తేలిక.

మరో అభ్యంతరం ఎక్కువ బలమైనది. జిల్లా స్థాయి కార్యాలయంలో, చిన్న కాలేజీలో ఉండేది ఒక్కరే. ప్రింటర్ చెడినా ఆయనే, వైఫై ఆగినా ఆయనే. మార్పును ఇద్దరు చూడాలి, ముందు పరీక్ష సర్వర్‌లో వేయాలి అని ఆయనకు చెప్పడం హాస్యాస్పదంగా ఉంటుంది. మూడు సంతకాల ఫారం పెట్టినా ఉపయోగం లేదు. సంతకం చేసే అధికారికి ఫైలు చదవడం రాదు, ఫారం వల్ల మార్పు ఆలస్యమవుతుందే గానీ సరైనదవదు. ఆయన కోసం అడగదగినవి తక్కువే: ఫైలు గిట్‌లో ఉండాలి, దాని నకలు వేరే యంత్రంలో ఉండాలి, మార్చిన ప్రతిసారీ సర్వర్ ఇచ్చిన సరిచూసే ఆజ్ఞను నడపాలి. మొదటి రెండూ ఒక పూట పని, మూడోది నిమిషం పని. సర్వర్‌ను అమర్చి వెళ్లిపోయే కాంట్రాక్టరు నుంచి డేటాతోపాటు ఈ ఫైళ్లను, వాటి మార్పుల చరిత్రను కూడా తీసుకోవాలని టెండరు షరతుల్లో రాయడం మాత్రం పై అధికారుల పని. అది ఆ ఒక్కరి చేతిలో లేదు.

మిగిలింది, ఎవరూ ఇష్టపడనిది, రీస్టార్ట్. ఫైలులో నిద్రపోతున్న తప్పుల్లో కొన్ని సరిచూసే ఆజ్ఞకు దొరకవు. గిట్‌ల్యాబ్ ఫైలులోని 8000 అక్షరదోషం కాదు, నియమోల్లంఘన కాదు. ఆ యంత్రం మీద, ఆ రాత్రి, మిగతావాటితో కలిసి మాత్రమే అది తప్పయింది. అలాంటిది బయటపడాలంటే సర్వర్‌ను నిజంగానే ఆపి లేపాలి. నెలల తరబడి ఆగకుండా నడిచిన సర్వర్‌ను గొప్పగా చెప్పుకునే కార్యాలయాలు, అన్ని నెలలుగా తమ ఫైలుకు పరీక్ష జరగలేదని కూడా చెప్పుకుంటున్నట్టే. ఫలితాల సీజనుకు ముందే, రద్దీ లేని ఒక మధ్యాహ్నం, ఫైలు తెలిసిన మనిషి ఎదురుగా కూర్చుని ఉండగా, పది నిమిషాలు సేవ ఆగుతుందని ముందే చెప్పి ఆ పని చేయవచ్చు. ముహూర్తం చూసుకునేవారు మంగళవారం వద్దనుకుంటే బుధవారం పెట్టుకోవచ్చు.